నర్సుల డ్యూటీ చార్టు గురించి ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు నమస్కారాలు.

మీ ఆసుపత్రిలో వచ్చే నెల డ్యూటీ చార్టు ఈ పూట ఎవరి దగ్గరుందో ఒకసారి కనుక్కోండి. ప్రతి వార్డులోనూ ఒక హెడ్ నర్సు పేరు చెబుతారు. ఆవిడ దాన్ని డ్యూటీలో ఉండగా వేయలేదు, ఎందుకంటే ఆ టైములో రౌండ్లుంటాయి, ఇండెంట్లుంటాయి, అటెండెంట్లతో వాదనలుంటాయి. కాబట్టి చార్టు ఇంటికి వెళ్తుంది. వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక, ఆవిడ నిద్ర సమయంలో తయారవుతుంది.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఆపరేషన్స్ రీసెర్చ్ చెబుతాను. ఉన్న మనుషుల్ని, యంత్రాల్ని, సమయాన్ని ఏ పనికి ఎప్పుడు కేటాయించాలో లెక్కకట్టే శాస్త్రం అది. షెడ్యూలింగ్ అందులో పెద్ద భాగం. మా అక్క ఒక జిల్లా ఆసుపత్రిలో హెడ్ నర్సు. నేను క్లాసులో చెప్పే లెక్కకీ అక్క ఇంట్లో పడే అవస్థకీ మధ్య ఎవరూ దారి వేయలేదు. మీరు తలుచుకుంటే పడుతుంది. నేను అడిగేది ఇదీ: చార్టు భారం ఒక్క మనిషి నెత్తిన పెట్టకండి. నియమాలు మీరు కాగితం మీద రాసివ్వండి. గళ్లు నింపే పని కంప్యూటరుకి అప్పగించండి. ఏదైనా నెలలో అది కుదరదని చెబితే, ఆ మాటను హెడ్ నర్సు చేతగానితనం కింద కాకుండా సిబ్బంది కొరతకు రుజువుగా తీసుకోండి.

అక్క చార్టు వేసేది పొడుగు నోటుబుక్కులో. ఎడమ పక్కన పేర్లు, పైన తేదీలు, స్కేలుతో గీసిన గళ్లు. ముందు పోయిన నెల చివరి మూడు రోజులు పక్కన ఎక్కిస్తుంది. 31వ తేదీ రాత్రి నైట్‌లో ఉన్నవాళ్లకు ఒకటో తేదీ ఉదయం డ్యూటీ వేస్తే వాళ్లు నిలబడలేరు కదా. తర్వాత ఎర్ర పెన్నుతో నైట్లు. అవి పడ్డాక నైట్ ఆఫ్‌లు, వీక్లీ ఆఫ్‌లు, చివరికి పెన్సిల్‌తో మార్నింగ్, ఆఫ్టర్‌నూన్. పెన్సిల్ ఎందుకంటే అక్కడే తుడుపులన్నీ. 17వ తేదీ ఆఫ్టర్‌నూన్‌కి ఒకరు తక్కువ పడతారు. ఇంకొకరిని అక్కడికి జరిపితే 18వ తేదీ మార్నింగ్ ఖాళీ అవుతుంది. దాన్ని పూడిస్తే 20న ఎవరో పెళ్లికని అడిగిన సెలవు పోతుంది. ఒక గడి తుడిస్తే ఆరు గళ్లు కదులుతాయి. నెల మొదలయ్యాక ఒకరికి జ్వరం వస్తే మళ్లీ మొదటి నుంచి.

ఇంత చేసినా మెప్పు రాదు. నాకే ఎందుకు మూడు ఆదివారాలు పోయాయని ఒకరు, ఆమెకు సంక్రాంతి ఎలా ఇచ్చారని ఇంకొకరు. మేడమ్‌కి ఇష్టమైనవాళ్లకి ఒక రూలు, మాకు ఒక రూలు అనే మాట ప్రతి వార్డులోనూ వినిపిస్తుంది. కొన్నిచోట్ల అది నిజం కూడా కావచ్చు. అయినా నియమాలు ఎక్కడా రాసి లేనప్పుడు, నిజంగా పక్షపాతం చూపిన చార్టునీ నిజాయితీగా వేసిన చార్టునీ వేరుచేసి చూపించే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.

ఒక మోస్తరు వార్డు లెక్క చూద్దాం. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు ముగ్గురు కావాలి. 2 నుంచి రాత్రి 8 వరకు ఇద్దరు, రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు ఇద్దరు. అంటే రోజుకు 7 డ్యూటీలు, 30 రోజుల నెలకు 210. నైట్లు 60. వరుసగా మూడు నైట్లు చేసినవాళ్లకు రెండు రోజులు నైట్ ఆఫ్ అనుకుంటే 20 విడతలు, 40 ఆఫ్‌లు. మనిషికి నెలకు నాలుగు వీక్లీ ఆఫ్‌లు.

వార్డులో 12 మంది ఉంటే నెలకు 360 మనిషి రోజులు. 210 డ్యూటీలు, 40 నైట్ ఆఫ్‌లు, 48 వీక్లీ ఆఫ్‌లు పోగా 62 మిగులుతాయి. సెలవులకు, ట్రైనింగులకు, జబ్బులకు ఇది సరిపోతుంది. ఒకరు మెటర్నిటీ లీవులో వెళ్లారనుకోండి. మిగులు 36కి దిగుతుంది. ఇంకొకరిని డిప్యుటేషన్ మీద వేరే చోటికి పంపారు. ఇక మిగిలేది 10. పది మందికి పది రోజులు, నెల మొత్తానికి తలా ఒక్క సీఎల్. మూడో మనిషి కూడా తగ్గి తొమ్మిది మందే ఉంటే లెక్క 16 రోజుల లోటులోకి పోతుంది. అప్పుడు ఎంత తెలివైన హెడ్ నర్సయినా నియమాలు పాటిస్తూ చార్టు వేయలేదు. ఎవరిదో ఆఫ్ కోయాలి, ఎవరిచేతో డబుల్ డ్యూటీ చేయించాలి. ఆ కోత ఆవిడ నిర్ణయంలా కనిపిస్తుంది కాబట్టి తిట్లూ ఆవిడకే. ఆ లోటు నిజానికి మీ స్థాయిలో, మీ పైస్థాయిలో పుట్టింది.

డిప్యుటేషన్ ఆర్డరు మీద సంతకం పెట్టేముందు ఈ కూడికలూ తీసివేతలూ ఎవరైనా చేసి చూపిస్తున్నారా? ఐదు నిమిషాల పని. ముందు ఇది మొదలుపెట్టండి.

పైలెక్క సరిపోయినంత మాత్రాన చార్టు కుదురుతుందని కాదు. పది మందే ఉన్న వార్డులో సంక్రాంతి మూడు రోజులు వచ్చాయి. ఏ రోజు చూసినా ఏడుగురు డ్యూటీలో, ఒకరో ఇద్దరో నైట్ ఆఫ్‌లో. మిగిలేది ఒకరో ఇద్దరో. సెలవు అడిగేది ఆరుగురు. క్రిస్మస్‌కి వేరేవాళ్లు అడుగుతారు, రంజాన్‌కి ఇంకొకరు, తెలంగాణలోనైతే దసరా, మాఘమాసం వస్తే పెళ్లి ముహూర్తాలు. నెల మొత్తం మీద రోజులు మిగిలినా, అవి అడిగిన చోట మిగలవు.

ఇక్కడి నుంచే మా సబ్జెక్టు మొదలవుతుంది. 12 మంది, 30 రోజులు అంటే 360 గళ్లు. ఒక్కో గడిలో మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, నైట్, ఆఫ్ అని నాలుగు అవకాశాలు. మొత్తం ఎన్ని రకాలుగా నింపవచ్చో రాస్తే 217 అంకెల సంఖ్య వస్తుంది. వాటిలో నియమాలకు కట్టుబడే చార్టులు అతి కొద్ది. అన్నీ వరసగా ప్రయత్నించి చూడటం ఏ కంప్యూటరు వల్లా కాదు.

ఇలాంటి సమస్యలు ఎంత మొండివో చెప్పడానికి మా రంగంలో ఒక పాత కథ ఉంది. పది పనులు, పది యంత్రాలు. ప్రతి పనీ తన క్రమంలో పది యంత్రాల మీదుగా పోవాలి, మొత్తం వీలైనంత త్వరగా ముగియాలి. 1963లో ఫిషర్, థాంప్సన్ అనే ఇద్దరు ఈ లెక్కను ప్రచురించారు. చూడటానికి ఒక పేజీలో పట్టేంత చిన్నది. దానికి ఇంతకన్నా మంచి జవాబు లేదని ఫ్రాన్సుకు చెందిన కార్లియే, పాన్సన్ రుజువు చేసేసరికి 1989 వచ్చింది. ఇరవై ఆరేళ్లు. పనులన్నీ ముగియడానికి పట్టే అతి తక్కువ సమయం 930 యూనిట్లు, అదీ జవాబు. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ 1972లో 21 సమస్యలను ఒక చోట చేర్చి, వీటిలో ఏ ఒక్కదానికైనా ఎప్పుడూ వేగంగా పనిచేసే పద్ధతి దొరికితే మిగతావాటికీ దొరికినట్టేనని చూపించాడు. పనులను గడువుల ప్రకారం వరసలో పెట్టడం ఆ 21లో ఒకటి. నర్సుల చార్టుదీ అదే కుటుంబం. అలాంటి పద్ధతి అసలు ఉందో లేదో తేల్చినవాళ్లకు పది లక్షల డాలర్లు ఇస్తామని అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించింది. ఆ బహుమతి నేటికీ అలాగే ఉంది. మీ హెడ్ నర్సు పెన్సిలూ రబ్బరూ పట్టుకుని ప్రతి నెలా కుస్తీ పడుతున్నది ఈ కుటుంబానికి చెందిన లెక్కతో.

కష్టమంటే అసాధ్యమని కాదు. అన్ని వేళలా గ్యారంటీ ఇచ్చే వేగవంతమైన పద్ధతి దొరకలేదు గానీ, ఒక వార్డు, ఒక నెల పరిమాణానికి మంచి చార్టు తీసే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. మనుషుల షిఫ్టులను గణితంగా రాయడం 1954లోనే మొదలైంది. న్యూయార్క్ పోర్ట్ అథారిటీ టోల్ బూత్‌ల గురించి ఎడీ అనే పరిశోధకుడు రాసిన వ్యాసం చదివి, సిబ్బంది షిఫ్టులను లీనియర్ ప్రోగ్రామింగ్‌లో, అంటే పరిమితులకు లోబడి అన్నిటికన్నా మేలైన కేటాయింపును వెతికే గణిత పద్ధతిలో, ఎలా పెట్టాలో అమెరికా గణిత శాస్త్రవేత్త జార్జ్ డాంట్‌జిగ్ ఒక చిన్న నోట్ రాశాడు. నర్సుల ఇష్టాయిష్టాలను లెక్కలోకి తీసుకుని చార్టు వేసే పద్ధతిని వార్నర్ అనే పరిశోధకుడు 1976లో ప్రచురించాడు. 2010లో నర్సుల చార్టుల మీదే అంతర్జాతీయ పోటీ జరిగింది. ఈరోజు గూగుల్ వాళ్ల ఓఆర్-టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దాని పరిచయ పాఠాల్లో నర్సుల డ్యూటీలు ఒక ఉదాహరణ. అంటే మనం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, కోట్లు పోసి కొనాల్సిందీ లేదు.

అది పనిచేసే తీరు క్లుప్తంగా చెబుతాను. ఫలానా నర్సుకు ఫలానా రోజు ఫలానా షిఫ్టు పడిందా లేదా అనేది ఒక అవును-కాదు ప్రశ్న. 12 మందికి, 30 రోజులకు, 3 షిఫ్టులకు అలాంటివి 1,080. నియమాలు వాటిని ఒకదానితో ఒకటి కట్టేస్తాయి. 5వ తేదీ నైట్‌కి అవును అంటే 6వ తేదీ మార్నింగ్, ఆఫ్టర్‌నూన్ రెండూ ఆటోమేటిక్‌గా కాదు అయిపోతాయి. దాని వల్ల ఇంకో చోట ఖాళీ పడి, అక్కడ మిగిలిన ఒక్క మనిషికి అవును తప్పనిసరి అవుతుంది. అక్క పెన్సిల్‌తో చేసేదీ ఇదే. కాకపోతే యంత్రం సెకనుకు వేల అడుగులు వేస్తుంది, దారి మూసుకుపోతే ఎందుకు మూసుకుపోయిందో గుర్తుపెట్టుకుని ఆ దారి మళ్లీ తొక్కదు. ఒక వార్డుకు మామూలు ల్యాప్‌టాప్ మీద పనికొచ్చే చార్టు నిమిషాల్లో వస్తుంది. మధ్యలో ఎవరికైనా జ్వరం వస్తే, మిగతావాళ్ల రోజులు వీలైనంత తక్కువగా కదిలేలా మళ్లీ వేయమని అడగవచ్చు.

అన్నిటికన్నా నేను విలువిచ్చేది దాని ఇంకో గుణానికి. ఈ నియమాలతో చార్టు అసలు సాధ్యం కాదని అది రుజువు చేయగలదు. హెడ్ నర్సు కుదరట్లేదు సార్ అంటే ఇంకొంచెం ప్రయత్నించమ్మా అంటారు. రుజువు ముందు పెడితే ఆ మాట అనలేరు. ఏ నియమం సడలిస్తే దారి తెరుచుకుంటుందో కూడా ఒక్కొక్కటే తీసి చూడవచ్చు. ఒక్క మనిషి అదనంగా ఉంటే కుదిరేదని తేలితే, ఆ కాగితమే పోస్టు అడిగే మీ లేఖకు జత చేయండి.

ఇక నియమాలు. యంత్రానికి చెప్పాలంటే అన్నీ పైకి చెప్పాలి, అదే ఇందులో కష్టమైన పని, మంచి పని కూడా. కొన్ని ఎట్టి పరిస్థితుల్లో తప్పకూడనివి: నైట్ దిగిన రోజు డ్యూటీ వేయకూడదు, ఐసీయూ అనుభవం ఉన్నవాళ్లు ప్రతి షిఫ్టులో ఒక్కరైనా ఉండాలి. కొన్ని వీలైనంత వరకు నెరవేర్చాల్సినవి: అడిగిన ఆఫ్‌లు, నెలకు కనీసం ఒక ఆదివారం, రాత్రి 8కి దిగితే ఊరికి బస్సు ఉండనివాళ్లకు ఆఫ్టర్‌నూన్‌లు తక్కువ. మీ వార్డుల్లో ఈ రెండు రకాలూ కలగాపులగంగా ఉన్నాయి. దేనికి ఎంత బరువో హెడ్ నర్సు మనసులో తప్ప ఎక్కడా లేదు.

పైకి ఎవరూ అనని నియమాలు కూడా ఉన్నాయి. ఒకే వార్డులో రెగ్యులర్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నర్సులు పక్కపక్కనే పనిచేస్తుంటారు. నైట్లు కాంట్రాక్టు వాళ్లకు ఎక్కువ పడుతున్నాయన్న ఫిర్యాదు మా అక్క దగ్గరికీ వచ్చింది. యంత్రానికి నియమాలు రాసేటప్పుడు, కాంట్రాక్టు నర్సులకు ఎక్కువ నైట్లు వేయాలి అని ఒక లైను రాసి కింద సంతకం పెట్టడానికి మీలో ఎంతమంది ఒప్పుకుంటారు? ఒప్పుకోరనే నా నమ్మకం. రాయలేని నియమం చార్టులోనూ ఉండకూడదు.

మంచి ఉద్దేశంతో పెట్టే నియమానికి కూడా ఒక ఖరీదు ఉంటుంది, దాన్ని ఎవరు భరిస్తున్నారో కనబడాలి. పది మంది వార్డులో నెలకు 20 నైట్ విడతలు అంటే తలా రెండు, ఆరు నైట్లు. వయసు రీత్యా ఒకరికి, చంటిబిడ్డ తల్లి కావడం వల్ల ఇంకొకరికి మినహాయింపు ఇచ్చారు. ఇవ్వాల్సిందే, నేను వద్దనను. మిగిలిన ఎనిమిది మందిలో నలుగురికి మూడేసి విడతలు పడతాయి, అంటే తొమ్మిది నైట్లు. ఆ నలుగురు ఈ నెల ఎవరు, వచ్చే నెల ఎవరు అన్నది పుస్తకంలో ఉండాలి. రాత్రి పని తేలికైన విషయం కాదు. శరీర గడియారాన్ని దెబ్బతీసే షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే వర్గీకరించింది. షిఫ్టులు ఏ వరసలో మారాలన్నది కూడా ముఖ్యమే. మార్నింగ్ నుంచి ఆఫ్టర్‌నూన్, ఆ తర్వాత నైట్ ఇలా ముందుకు జరిగితే శరీరం సర్దుకోవడం సులువు. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఒక ఖనిజాల ప్లాంటులో షిఫ్టులను ఇలా ముందుకు జరిపి, అంత తరచుగా మార్చకుండా చూస్తే కార్మికుల ఆరోగ్యమూ తృప్తీ మెరుగుపడ్డాయని 1982లో చైస్లర్ బృందం ప్రచురించింది. ఇలాంటి నియమం యంత్రానికి ఒక్క లైను. చేత్తో చార్టు వేసేవాళ్లకు మాత్రం మోయలేని బరువు.

ఇప్పుడు జాగ్రత్తల సంగతి, ఎందుకంటే మా రంగం చేసిన చెడు కూడా ఉంది. అమెరికాలో దుకాణాలు, హోటళ్లు ఈ లెక్కలనే వాడి, గిరాకీని బట్టి ఉద్యోగుల షిఫ్టులను చివరి క్షణంలో మార్చడం మొదలుపెట్టాయి. యంత్రానికి వాళ్లు చెప్పింది జీతాల ఖర్చు తగ్గించమని, అది చక్కగా తగ్గించింది. మనుషులు రేపు ఎన్ని గంటలకు పనో తెలియక అల్లాడారు. చివరికి న్యూయార్క్ నగరం 2017లో ఫాస్ట్ ఫుడ్ ఉద్యోగులకు రెండు వారాల ముందే షెడ్యూలు ఇవ్వాలని చట్టం చేయాల్సి వచ్చింది. అదే ఏడాది బోస్టన్‌లో ఎంఐటీ పరిశోధకులు స్కూళ్ల వేళలను లెక్కగట్టి ఇచ్చారు. పెద్ద పిల్లలకు నిద్ర చాలాలని, బస్సుల ఖర్చు తగ్గాలని మంచి ఉద్దేశాలే పెట్టుకున్నారు. డిసెంబరులో ప్రకటించగానే తల్లిదండ్రులు రోడ్డెక్కారు, అదే నెలలో పథకం ఆగిపోయింది. లెక్కలో తప్పు లేదు. ఎవరి జీవితాలు కదులుతున్నాయో వాళ్లు ఆ మార్పును ఒప్పుకోలేదు, అంతే.

కాబట్టి నియమాలు రాసే బల్ల దగ్గర స్టాఫ్ నర్సులు కూర్చోవాలి. మీరు, నేను, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కూర్చుని రాసేది కాదిది. ఇంకో సంగతి కూడా వాళ్లకు విడమరిచి చెప్పాలి. మొత్తం తిరస్కరించిన కోరికలు వీలైనంత తగ్గించు అని యంత్రానికి చెబితే, చివరికి పన్నెండు తిరస్కారాలు మిగిలాయనుకోండి, వాటన్నిటినీ అది ఒక్కరి మీదే వేయవచ్చు. మొత్తం అదే కదా, దానికి తేడా తెలియదు. అందరికన్నా ఎక్కువ భారం పడ్డవాళ్ల భారాన్ని ముందు తగ్గించు అని విడిగా చెప్పాలి, పోయిన ఆరు నెలల నైట్లూ పండుగ డ్యూటీలూ కూడా లెక్కలో పెట్టాలి. ఈ ఒక్క మాట మర్చిపోతే మనిషి చేసే అన్యాయం స్థానంలో యంత్రం చేసే అన్యాయం వస్తుంది. దాన్ని కనీసం నిలదీయడానికి కూడా మనిషి దొరకరు.

చివరి మాట మాత్రం హెడ్ నర్సుదే ఉండాలి. ఎవరి ఇంట్లో ఏం కష్టముందో, ఏ ఇద్దరిని ఒకే నైట్‌లో వేస్తే వార్డు సాఫీగా నడుస్తుందో ఆవిడకు తెలిసినట్టు ఏ ప్రోగ్రాముకీ తెలియదు. యంత్రం ఇచ్చిన చార్టును ఆవిడ మార్చగలగాలి, మార్చినప్పుడు ఏ నియమం తప్పుతోందో స్క్రీన్ మీద కనబడాలి. నర్సులు తమలో తాము డ్యూటీలు మార్చుకునే పద్ధతిని కూడా ఆపకండి.

హాజరు కోసం బయోమెట్రిక్ యంత్రాలు పెట్టించారు. డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యమైతే నమోదవుతోంది. ఆ డ్యూటీ న్యాయంగా పడిందా అని చూసే ఏర్పాటుకు కూడా అంత శ్రద్ధ పెట్టమని అడుగుతున్నాను.

అన్ని వార్డుల్లో ఒకేసారి వద్దు. ఒక వార్డు ఎంచుకోండి. నర్సులతో కూర్చుని నియమాలు తెలుగులోనే ఒక కాగితం మీద రాయించండి. మొదటి రెండు నెలలు చేత్తో వేసిన చార్టే అమల్లో ఉంచి, యంత్రం వేసినదాన్ని పక్కన పెట్టి చూడండి. తర్వాత నచ్చితే మారండి. ఏ చార్టయినా నెల 20వ తేదీకల్లా నోటీసు బోర్డు మీద ఉండాలి. దాని పక్కనే ఆరు నెలల నైట్ల లెక్క పేర్లతో సహా ఉండాలి.

ప్రోగ్రాము రాయడానికి మీ జిల్లాలోనే ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టుల కోసం వెతుక్కుంటూ, ఎవరో ఎక్కడో చేసినవే మళ్లీ చేస్తుంటారు. వాళ్లకు ఈ పని ఇవ్వండి. రోగుల వివరాలేవీ అక్కర్లేదు. పాత చార్టులు మూడు, నియమాల కాగితం ఒకటి, హెడ్ నర్సు ఒక గంట సమయం చాలు, ఆ గంట డ్యూటీ టైములోనే ఇప్పించండి. మా డిపార్ట్‌మెంట్ నుంచి మొదటి బృందాన్ని పంపడానికి నేను సిద్ధం. మీ ఆసుపత్రి నుంచి ఒక్క ఉత్తరం మా ప్రిన్సిపాల్ పేరు మీద వస్తే ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక ఆపరేషన్స్ రీసెర్చ్ అధ్యాపకుడు